రొట్టె ముద్ద, గోడ నీడ, నాలుగు చింతగింజలు: చిన్నపిల్లలున్న ఇంట్లో రోజూ ఓ పది నిమిషాలు

రెండేండ్ల నుంచి ఆరేడేండ్ల దాకా వయసున్న పిల్లలు ఇంట్లో ఉంటే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు ఇల్లు ఎట్లుంటదో చెప్పాల్సిన పనిలేదు. పొయ్యి మీద కూర మాడుతుంటుంది, కాళ్లకు ఒకరు చుట్టుకొని ఉంటారు. ఫోను చేతిలో పెడితే గానీ పని సాగదు, పెట్టినంక ఇంట్లో మాటే వినిపించదు. ఆదివారం ఎటైనా తీసుకపోదాంలే అనుకుంటూ వారం వెళ్లిపోతుంది. నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తినప్పుడు చూడటం మంచిదే. కానీ అంతదూరం తీసుకపోతే రెండున్నరేండ్ల పిల్ల ఆ నీళ్లను వదిలేసి, బండి ఆపిన చోట పోతున్న చీమల బారు ముందు కూలబడుతుంది. ఆ చీమలు మీ గడప దగ్గర కూడా ఉన్నాయి.

కాబట్టి ఇక్కడ చెప్పేది కొత్త పని నెత్తినేసుకొమ్మని కాదు. ఎట్లాగూ చేసే పనిలోంచి ఒక ముక్క తుంచి పిల్లల చేతిలో పెట్టడం, ఆ ముక్క అయ్యేదాకా తొందరపెట్టకపోవడం. ఇంతే. ఇది కుదరకపోతే తప్పు ఎక్కువగా పనిలో ఉండదు, వేళలో ఉంటుంది.

వేళ చూసుకోవడం

బడి నుంచో అంగన్‌వాడీ నుంచో వచ్చి, ఏదో ఒకటి తిని, ఓ అరగంట అటూ ఇటూ తిరిగినంక మొదలుపెట్టండి. అన్నానికి ముందు ఆకలి మీద, పడుకునే ముందు నిద్రమత్తులో ఏ ఆటా నిలబడదు. కండ్లు నలుపుకోవడం, చెవి పట్టి లాగుకోవడం, చిన్నదానికి ఏడుపు లంకించుకోవడం కనిపిస్తే ఆ రోజుకు వదిలెయ్యండి. మీ ఫోను జేబులో సైలెంట్‌లో పెడితే సరిపోదు, పక్క అర్రలో పెట్టాలి. జేబులో వణికిన ప్రతిసారీ మీ చూపు పోతుంది, పిల్లలు దాన్ని మీకన్నా ముందే పట్టేస్తారు.

ఎప్పుడు ఆపాలో ముందే చెప్పండి. ఐదేండ్ల లోపు పిల్లలకు "ఇంకో ఐదు నిమిషాలు" అంటే ఏమీ తెలియదు. "ఇంకో రెండు రొట్టెలైనంక ఐపోతది" అంటే తెలుస్తుంది. నిమిషాలతో చెప్పకుండా, కంటికి కనిపించే వస్తువులతో లెక్క చెప్తే ఆపేటప్పుడు గొడవ చాలా తగ్గుతుంది.

పుంటికూరతో మొదలుపెట్టండి

ఇంతవరకు ఏ పనీ చేయించని ఇంట్లో మొదటి రోజే పిండిలోకి దిగొద్దు. ఒక కట్ట పుంటికూర (గోంగూర) తెచ్చి చాటలో వేసి, మూడేండ్ల పిల్లకు ఒక తలె, మీకొక తలె పెట్టుకోండి. కాడ నుంచి ఆకు తుంచి తలెలో వేయడమే పని. కత్తి అక్కర్లేదు, పొయ్యి దగ్గరుండదు, పాడైపోయేది ఏమీ లేదు. ఒక ఆకు నమలమని ఇవ్వండి. పులుపుకు ముఖం ఎట్లా పెడుతుందో చూడటమే అసలు సంబురం. రెండో ఆకు వాళ్లే అడుగుతారు.

రెండేండ్ల పిల్లలు కాడలు కూడా ఆకుల్లోనే వేస్తారు. వాళ్ల ముందే ఏరకండి, కడిగేటప్పుడు తీసేయండి. చిక్కుడుకాయల నార తీయడం నాలుగేండ్లు దాటినోళ్లకు బాగుంటుంది. వెల్లుల్లి పొట్టు మాత్రం ఇవ్వొద్దు, ఆ చేత్తోనే కండ్లు నలుపుకుంటారు.

జొన్నరొట్టెలో పిల్లల వాటా

పాలమూరు, నల్లగొండ ఇండ్లల్లో పిల్లలను పొయ్యి దగ్గరికి లాగే చప్పుడు రొట్టె తట్టే చప్పుడే. వద్దన్నా వస్తారు కాబట్టి వాళ్ల చోటేదో ముందే నిర్ణయించండి: పొయ్యికి మీ చెయ్యి చాచినంత దూరంలో నేల మీద పీట. ఆ పీట దాటొద్దు.

గిలాస జొన్నపిండికి ముప్పావు గిలాస నుంచి గిలాస దాకా నీళ్లు పడతాయి, మూడు నాలుగు రొట్టెలవుతాయి. నీళ్లు తెర్లేదాకా కాగాలి, చిటికెడు ఉప్పు వేయాలి. తెర్లే నీళ్లు పోసేది, గరిటెతో కలిపేది పెద్దవాళ్లే. మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలి, చెయ్యి పట్టేంత వేడికి వచ్చినంక అరచేతి మొదలుతో గట్టిగా పిసకాలి. జొన్నలో గోధుమకున్న గ్లూటెన్ ఉండదు. వేడి నీళ్లతో పిండి ఉడికి వచ్చిన జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. చల్లనీళ్లతో కలిపినా, పిసకడం తక్కువైనా, పిండి పాతబడినా అంచులు పగులుతాయి. మీకే పగిలే పిండి పిల్లలకు అసలు నిలవదు. అందుకని ఆ రోజు కొత్తగా పట్టించిన పిండి వాడండి.

ముందు మీ రొట్టెలు రెండు కాల్చుకోండి. పిల్లల ముద్దతోనే మొదలుపెడితే వంట ఆలస్యమై, మీకు చిరాకు లేచి, ఆ చిరాకు వాళ్ల మీదకి పోతుంది. మాపటి బువ్వకు అవసరమైనవి అయినంక పెద్ద నిమ్మకాయంత ముద్ద తీసి, "గిది నీ రొట్టె, నువ్వే జెయ్యాలె" అని చేతిలో పెట్టండి. బోర్లించిన స్టీలు తలె మీద తట్టమనండి. తలె జారుతుంది కాబట్టి కింద తడిగుడ్డ వేయండి, పైన పొడి పిండి చల్లండి. మూడేండ్ల లోపు వాళ్లకు తట్టడం రాదు. నూనె రాసిన రెండు పాలకవర్ల మధ్య ముద్ద పెట్టి అరచేత్తో నొక్కమంటే సరిపోతుంది.

పిల్లలు అందరూ చేసే తప్పు ఒకటే: నడుమ గుద్ది గుద్ది పలుచన చేసి, అంచులు లావుగా వదిలేస్తారు. అట్లాంటిది పెనం మీద నడుమ మాడి, అంచు పచ్చిగా ఉంటుంది. "నడుమ ఇల్లు, చుట్టూ గోడ. గోడను బొటనవేలితో పండబెట్టు" అంటే అర్థమవుతుంది. పగిలిన చోట తడివేలితో అద్దమనండి. పెనం మీద వేసేది మీరే. పైన తడిబట్టతో నీళ్లు రాసి, ఆ తడి ఆరినంక తిప్పి, మంట తగ్గించి కాల్చండి. చిన్న రొట్టె పెద్దదానికన్నా లావుంటుంది, మంట ఎక్కువైతే లోపల ఉడకదు. పచ్చిపిండి నోట్లో పెట్టుకోనివ్వొద్దు, ముందూ వెనకా చేతులు కడిగించండి.

వాళ్లు చూడకుండా మీరు దాన్ని గుండ్రంగా సవరించొద్దు. పిల్లలు తమ రొట్టెను తప్పకుండా గుర్తుపడతారు, ఆ రొట్టెకే నెయ్యి, బెల్లం పెట్టాలి. చాలా ఇండ్లల్లో పిల్లలు తాము తినకుండా నాయినకో నాయనమ్మకో తీసుకపోయి పెడతారు. తీసుకున్నవాళ్లు తినాలి. "నాకొద్దు బిడ్డా, నువ్వు తిను" అంటే అక్కడితో ఖతం. మాడినా ఒక తునకన్నా తినాలి.

గోడ మీద నీడ

దీనికి పైసా ఖర్చు లేదు, వంటపనితోనూ ముడిపడి లేదు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వాకిట్లోనో డాబా మీదో పిల్లలను నిలబెట్టి, ముందు వాళ్ల పాదాల చుట్టూ సుద్దముక్కతో గీయండి, తర్వాత నీడ చుట్టూ. సాయంత్రం నాలుగింటికి అవే పాదాల గుర్తుల్లో నిలబెట్టి మళ్లీ గీయండి. పొద్దున పడమటికి పడిన నీడ ఇప్పుడు తూర్పుకు పడి ఉంటుంది. పాదాల గుర్తు గీయడం మరిచిపోతే రెండోసారి ఇంకో చోట నిలబడి ఆటంతా గందరగోళమవుతుంది.

ఐదేండ్లు దాటినోళ్లకు ఒక స్టీలు గిలాస బోర్లించి, రెండు గంటలకొకసారి నీడ కొసన ఒక రాయి పెట్టించండి. మధ్యలో ఎవరూ గిలాస జరపకుండా చూడటం కూడా వాళ్ల పనే. ఆ కాపలాయే వాళ్లకు ఎక్కువ ఇష్టం.

మన ప్రాంతం కర్కట రేఖకు కింద ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో అది మే 7, 8 తేదీల దగ్గర, మళ్లీ ఆగస్టు 5 అటూ ఇటుగా. మే నెలలో మధ్యాహ్నం 12:10 నుంచి 12:15 మధ్య, ఆగస్టులో 12:20 నుంచి 12:25 మధ్య నిటారుగా పెట్టిన గిలాస చుట్టూ నీడే కనిపించదు. మేలో బయట నిలబడేది రెండు నిమిషాలే, చెప్పులు, నెత్తిన గుడ్డ ఉండాలి. ఆగస్టులో మబ్బు పడితే ఏం చేయలేం. ఒక రోజు ముందూ వెనకా కూడా చూసుకోవచ్చు, తేడా కంటికి తెలియనంత తక్కువ.

ఈ ఆట నాలుగైదు సార్లు ఆడినంక పిల్లలను నల్లగొండ పక్కనున్న పానగల్లుకు తీసుకపోండి. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటిది. గర్భగుడిలో లింగం వెనక స్తంభంలాంటి నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. బయట వెలుతురు స్తంభాల మధ్య నుంచి లోపలికి పడే తీరుతో అది వస్తుంది. ఇంట్లో నీడ నడవడం చూసిన పిల్ల మాత్రమే అక్కడ ఆగి "ఇది ఎందుకు కదుల్తలేదు" అని అడుగుతుంది. గిలాస ఆట ఆడకుండా తీసుకపోతే కొబ్బరిముక్క తిని వచ్చేస్తారు. రాత్రి కరెంటు పోయినప్పుడు టార్చికి అడ్డంగా చెయ్యి పెట్టి గోడ మీద కుక్కను, పిట్టను చేయండి. రెండో టార్చి వేస్తే ఒక చేతికి రెండు నీడలు పడతాయి. పానగల్లు ప్రశ్నకు జవాబు మొదలయ్యేది అక్కడే.

సీతాఫలం గంప

పాలమూరు బాలానగర్ పేరుతోనే సీతాఫలం రకముంది. సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా రోడ్డు పక్కన గంపలు కనిపిస్తాయి. పండినవి కాకుండా పక్వానికొచ్చిన కాయలు ఆరు తీసుకోండి. కండ్లు విచ్చుకొని, కండ్ల మధ్య సందులు తెల్లగానో లేత పసుపుగానో మారిన కాయ పండుతుంది. కండ్లు దగ్గరదగ్గరగా, ముదురాకుపచ్చగా ఉన్నది ఎన్నాళ్లు పెట్టినా ఎండి గట్టిపడుతుంది తప్ప పండదు. వరిగడ్డిలోనో పాత పేపర్లలోనో పెట్టి గంప మూయండి. రెండు నుంచి నాలుగు రోజులు.

పిల్లల పని: పొద్దున ఒకసారి, మాపున ఒకసారి గంప విప్పి ఒక్కో కాయను ఒక్క వేలితో మెల్లగా తాకి, ఏది మెత్తబడ్డదో చెప్పడం. ఒక్క వేలే. పిడికిలితో ఒత్తితే మరునాటికల్లా ఆ చోట నల్లబడుతుంది. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి నల్లబడి పండకుండా పోతుంది. రేపు ఏది పండుతుందో పడుకునే ముందు ఇంటిల్లిపాదీ చెప్పాలి. చూపించిన కాయ పండినోళ్లకు ఆ పండు. పెద్దవాళ్లు కూడా నిజంగానే ఆడాలి.

నాలుగేండ్ల లోపు పిల్లలకు గింజలు తీసి గుజ్జే పెట్టండి. గింజ నున్నగా ఉండి గొంతులోకి జారుతుంది. నమిలితే విషం, దాని పొడి కంట్లో పడితే బాగా మంట. తిన్నంక గింజలు లెక్కపెట్టించి చెత్తలో వేయించండి.

అష్టాచెమ్మా, చిన్నపిల్లల తీరులో

ఐదేండ్ల లోపు పిల్లలతో పెద్దల నియమాలతో ఆడితే ఏడుపుతోనే ముగుస్తుంది. అష్టో చెమ్మో (ఎనిమిదో నాలుగో) పడేదాకా కాయ కదలకపోవడం, ఇంటి ముందుకొచ్చిన కాయ చచ్చిపోవడం ఆ వయసుకు మోయలేని బరువు. పల్లెకో తీరుగా ఆడతారు కాబట్టి ఇంట్లో మీ తీరు మీరే పెట్టుకోవచ్చు.

నేల మీద సుద్దతో అయిదు గళ్లకు అయిదు, మొత్తం 25. నాలుగు వైపులా నడిమి గడిలో, మధ్యగడిలో అడ్డగీతలు. బయటి వరుసలో 16 గళ్లు, లోపల 8, నడుమ పండే గడి ఒకటి. తన ఇంటి గడి నుంచి బయలుదేరిన కాయ గడియారం తిరిగే దిక్కుకు ఎదురుగా బయట చుట్టూ తిరిగి, లోపలి వరుసలో వెనక్కి తిరిగి, నడుమకు చేరాలి. మొత్తం 24 అడుగులు.

గవ్వలుంటే నాలుగు చాలు. లేకుంటే ఒకే సైజు చింతగింజలు నాలుగు తీసి, గరుకురాయి మీద చుక్క నీళ్లు వేసి ఒక్కవైపే అరగదీయండి, గోధుమరంగు పొట్టు పోయి తెలుపు కనబడేదాకా. గింజకు ఐదు పది నిమిషాలు పడుతుంది, ఆరేండ్ల పిల్లగాడు ఒకటి అరగదీయగలడు. మరీ పలుచన చేస్తే తిరగబడకుండా ఎప్పుడూ ఒకేవైపు పడుతుంది. తెలుపు ఎన్ని పైకుంటే అన్ని, నాలుగూ పైకుంటే చెమ్మా 4, ఒక్కటీ లేకుంటే అష్టా 8.

నాలుగేండ్ల పిల్లతో ఒక్కొక్కరికి ఒకే కాయ, ఐదారేండ్లకు రెండు. మొదటి వేత నుంచే నడవొచ్చు. చంపుడు లేదు. పండే గడిలోకి సరిగ్గా అన్నే పడాలన్న పట్టింపు లేదు. ఇట్లా అయితే పది వేతలకు అటూ ఇటూగా ఒక కాయ పండుతుంది, ఆట పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది. చంపుడు నియమం పిల్లలే అడిగిననాడు పెట్టండి. తప్పక అడుగుతారు, మీ కాయను చంపాలని.

కావాలని ప్రతిసారీ ఓడిపోవద్దు. ఆరేండ్లకు ఆ మోసం దొరికిపోతుంది, ఆ తర్వాత నిజంగా గెలిచినా నమ్మరు. గింజలు ఎట్లా పడితే అట్లా పోనివ్వండి. ఈ ఆటలో అదృష్టం పాలు ఎక్కువ, వాళ్లు ఎట్లాగూ సగం సార్లు గెలుస్తారు. కాయలకు గాజుముక్కలు వద్దు, సీసా మూతలు పెట్టండి. ఇంట్లో పాకే పిల్ల ఉంటే ఆట కాగానే నాలుగు గింజలూ లెక్కపెట్టి డబ్బాలో వేయాలి, ముక్కులోకీ నోట్లోకీ పోయేవి అవే.

పండుగ రోజుల్లో

తొలి ఏకాదశికి పేలపిండి చేసే ఇండ్లల్లో జొన్నలు పేల్చేటప్పుడు మూత పెట్టిన కడాయి చప్పుడు దూరం నుంచి వినిపించండి. మొదటి "టప్" ఎవరు విన్నారు, చివరిది ఎవరు విన్నారు. పొడి పేలపిండి నోట్లో వేసుకొని నవ్వితే పొలమారుతుంది. చిన్నోళ్లకు పాలతోనో నెయ్యితోనో ముద్ద చేసి పెట్టండి, పేలాలు విడిగా వద్దు.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో పిల్లలకు పెద్ద బతుకమ్మ అప్పగిస్తే పూలు పాడవుతాయి, మీరు గద్దిస్తారు. వేరుగా ఒక చిన్న తలె, గుమ్మడాకు, బంతి, తంగేడు, కొంచెం గునుగు ఇవ్వండి. కాడలన్నీ నాలుగు వేళ్లంత పొడవుకు మీరే కత్తిరించండి, పొడవులు తేడా ఉంటే వరుస వాలిపోతుంది. కాడలు లోపలికి, పూలు బయటికి. నడుమ బోలుగా ఉండకుండా ఆకుముక్కలు కూరడం పిల్లల పని. కూరకపోతే మూడో వరుసకే కూలుతుంది. దాన్ని ఇంట్లో టబ్బులో వేయించండి. చెరువు గట్టు మీద గుంపులో పసిపిల్లల చేతిలో బతుకమ్మ వద్దు. టబ్బు నీళ్లు కూడా పని కాగానే పారబోయండి.

పడుకునే ముందు

"బడిలో ఏం జేసినవ్" అని అడిగితే "ఏం లే" అనే వస్తుంది. అడగకండి, ముందు మీదొకటి చెప్పండి, చాలా చిన్నది: "ఇయ్యాల బస్సులో ఒకామె గంపల కోడిపిల్లలను తెచ్చింది." ఆగండి. రెండు మూడు రోజులకు వాళ్లూ మొదలుపెడతారు. నీతి కలపొద్దు, సరిదిద్దొద్దు. కోడిపిల్ల ఏనుగైనా ఒప్పుకోండి.

డాబా ఉంటే చందమామను చూపించండి. అమావాస్య తర్వాత రెండు మూడు రోజులకు పొద్దుగూకినంక పడమటన సన్నని నెలవంక కనిపిస్తుంది, కాసేపట్లోనే దిగిపోతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. అప్పటి నుంచి పున్నమి దాకా రోజూ క్యాలెండర్ గడిలో పిల్లలతో ఆ ఆకారం గీయించండి. పున్నమి తర్వాత రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా పొడుస్తుంది, నాలుగో రోజుకు పిల్లలు నిద్రపోయి ఉంటారు. అప్పుడు ఆట ఆగిందనుకోవద్దు. పొద్దున బడి బస్సు కోసం నిలబడ్డప్పుడు పడమటి దిక్కు చూపించండి, పాలిపోయిన చందమామ అక్కడే ఉంటుంది.